నా నోరు మింగేసిన కుక్క సినిమా

ఆ రోజుల్లో ఆడపిల్ల ఎక్కువ మాట్లాడితే ఇంటికి అరిష్టమనేవారు. మా ఇంటి అరిష్టం నేనే. విజయనగరంలో పీయూసీ చదువుతూ సెలవులకి నెల్లిమర్ల వచ్చానంటే మా మావకి తలనొప్పి మొదలయ్యేది. ఆయనది టూరింగ్ టాకీసు (డేరా అంటే కోపం వచ్చేది). వాళ్ల నాన్న కాలంనాటి మూకీ సినిమా ఒకటి ఆయన దగ్గర ఉండేది. అందులో హీరో కుక్క. రైలు మీంచి దూకేది, మంటల్లోంచి పిల్లాణ్ణి లాక్కొచ్చేది. అలాంటి కాపీ ఇంకెక్కడా లేదని చెప్పిన మావే, పాటల్లేని బొమ్మ ఎవరు చూస్తారని, పాత ఫిల్ము కొని కరిగించి గాజులు చేసేవాడికి అమ్మేస్తానన్నాడు. ఆ కుక్కంటే నాకు ప్రాణం. వాదించాను. తిండి మానేసి కాదు, తింటూనే వాదించాను. చివరికి మావ విసుగెత్తి, "ఒక్క ఆట ఏస్తాను. జనం ఆకరిదాకా కూకుంటే ఉంచుతాను. నేకపోతే గాజులోడికే" అన్నాడు.

మూకీకి తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండాలి. ఆ పని నేనే మీదేసుకున్నాను. జూట్ మిల్లు వాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు వచ్చి నేల మీద సర్దుకున్నారు. మొదటి రీలు బాగానే నడిచింది. డబ్బాల మీద అంకెల్ని తుప్పు ఎప్పుడో తినేసింది కాబట్టి, ఆపరేటరు రెండోదాని బదులు ఆఖరి రీలు ఎక్కించాడు. కుక్క కొండ మీంచి పడి చచ్చిపోయింది, యజమాని భోరుమన్నాడు. ఆ తర్వాతి రీల్లో అదే కుక్క తోకాడిస్తూ అదే యజమాని చేతిలో బిస్కట్టు తింటోంది.

ముందు వరసలో చేపలబుట్ట పక్కన పెట్టుకున్న ముసలమ్మ, "ఏటే గుంటా, అది సచ్చిపోనాది గదా?" అంది. వెనకాల జనం లేవబోతున్నారు.

"సచ్చింది అన్న. ఇది తమ్ముడు. పగ తీర్సుకోడానికొచ్చింది" అన్నాను.

అందరూ మళ్లీ కూర్చున్నారు. పగ అన్నాక పగవాడు కావాలి కదా, పాపం ఆ యజమానినే విలన్ని చెయ్యాల్సి వచ్చింది. ఆయన కుక్కని ముద్దుచేసినప్పుడల్లా అదంతా నటనేనని చెప్పాను, జనం ఆయన్ని నోరారా తిట్టారు. చిట్టచివర వేసిన రీల్లో ఆయన గుర్రం మీంచి పడేసరికి డేరా (క్షమించాలి, టాకీసు) ఈలలతో ఊగిపోయింది. ఒక్కరూ కదల్లేదు.

నెగ్గానన్న ధీమాతో మావ దగ్గరికి వెళ్లాను. అప్పటికే ముసలమ్మ అక్కడుంది. "బాబూ, రేపు ఈ గుంటని మా పేటకి పంపు. బొమ్మ అక్కర్నేదు. అది కతకి అడ్డొస్తన్నాది" అంటోంది.

మావ నావైపు తిరిగాడు. "ఇన్నావా? నీ నోటికి కూకున్నారే, కుక్కకి కాదు."

ఆ వారంలోనే డబ్బాలు గాజులవాడి బండెక్కాయి.

ఇప్పుడా సినిమా ఉన్నది నా నోట్లోనే. చెప్పినప్పుడల్లా కుక్క కాస్త పెరుగుతోందని మా ఆయన ఫిర్యాదు. అంత లేదని చూపించమనండి, రుజువేదీ? కానీ సంతలో గాజుల కొట్టు ముందు ఆగానంటే, ఇంత చదువుకున్నదాన్నయినా, పాత రకం గాజు ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూస్తాను. పగుళ్లు వెతుకుతున్నాననుకుని కొట్టువాడు నొచ్చుకుంటాడు. తోక ఏమైనా కనిపిస్తుందేమోనని నేను.