మా అత్తగారి వంతు సిగరెట్లు

మా మావగారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. బొగ్గు వ్యాగన్ల వెనకాల, రైలుకి అన్నిటికన్నా ఆఖర్న తగిలించే బ్రేక్ వ్యాన్‌లో ఒక్కరే కూర్చోవడం ఆయన ఉద్యోగం. పలకరించే మనిషి ఉండడు. సిగ్నలు ఎర్రగా పడిందంటే అడవి మధ్యలో గంటలకొద్దీ పడి ఉండాలి. ఆ ఒంటరితనంలో ఆయనకి సిగరెట్టు తోడయింది. "అదే లేకపోతే ఏ స్టేషన్లోనో దిగిపోయి సన్నాసుల్లో కలిసిపోదును" అనేవారు. బ్రేక్ వ్యాన్‌లో ఆయన వదిలిన పొగ గాలికి ఎటో కొట్టుకుపోయేది. ఇంట్లో వదిలింది ఇంట్లోనే ఉండిపోయేది. ఈ చిన్న తేడా మాలో ఎవరికీ చాలా ఏళ్ళు తట్టలేదు.

నేను గోదావరి వైపు దాన్ని. బ్యాంకు ఉద్యోగం బిలాస్‌పూర్‌లో వేస్తే వచ్చి, ఇక్కడి రైల్వే అబ్బాయినే చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. మావారి ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఇన్ని తరాలైనా ఇంట్లో ఆ యాస మాత్రం పోలేదు. పెళ్ళైన కొత్తలో అత్తగారు "ఏటమ్మా!" అంటే ఏం తప్పు చేశానా అని గుండెలు అదిరేవి. అది ఆవిడ ముద్దుగా పలకరించడమని తెలియడానికి నెల పట్టింది.

రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక సోఫా ఉంది. దానికి ఈ చివర మావగారు, ఆ చివర అత్తగారు. మధ్యలో స్టీలు సాసరు, బూడిదకి. ఆయన పేపరు చదువుతూ కాల్చేవారు, ఆవిడ సీరియల్ చూస్తూ పీల్చేవారు. చలికాలంలో ఇక్కడి చలికి తలుపులూ కిటికీలూ బిగించుకుంటే, ఆ పొగలో టీవీలో ఏడుస్తున్నది అత్తో కోడలో పోల్చుకోవడం కష్టమయ్యేది. అత్తగారు చీరచెంగుతో పొగని విసురుకునేవారు. విసిరిన పొగ నా వైపొచ్చేది. నేను మా పాపని ఎత్తుకుని వంటింట్లోకి పోయేదాన్ని. మావగారిని ఏమనగలను? కోడల్ని. మావారు అనగలరు గాని, రైలింజన్ల షెడ్‌లో డ్యూటీతో ఆయన ఇంట్లో ఉండడమే అరుదు.

అత్తగారికి దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో గోడగడియారం చప్పుడులాగ అదీ ఒక చప్పుడు. దానికి తలా ఒక కారణం చెప్పేవాళ్ళం. నేను పోపు ఘాటన్నాను. మావారు బొగ్గు ధూళన్నారు. మావగారు మాత్రం పెరుగన్నారు. "పెరుగు మానీవే, దగ్గదే పోతాది" అని సోఫాలో కూర్చుని, పొగలోంచి వైద్యం చెప్పేవారు. ఆయన చెప్పగా చెప్పగా ఆవిడ పెరుగు మానేశారు, అరటిపండు మానేశారు, జామకాయ మానేశారు, చివరికి చలికాలం తలంటు కూడా మానేశారు. దగ్గు మాత్రం మానలేదు.

ఒకరోజు డాబా మీంచి ఆరిన బట్టలు తెస్తూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయారు. ఏమైందత్తయ్యా అంటే మాట రాదు, చెయ్యి ఊపుతారు. పెదవులు నల్లబడ్డాయి. కాసేపటికి తేరుకుని, "ఏటీ లేదమ్మా, బట్టలు బరువెక్కువున్నాయి" అన్నారు. ఆవిడ చేతిలో ఉన్నవి పాప గౌన్లు రెండూ, ఒక తువ్వాలూ.

మర్నాడే సెలవు పెట్టి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మావగారు కూడా బయల్దేరారు. ఆడవాళ్ళు ఒంటరిగా వెళితే డాక్టర్లు లేనిపోని పరీక్షలు రాస్తారని ఆయన నమ్మకం.

ముందు ఒక గొట్టంలోకి ఊదించారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, ఆ టెక్నీషియన్ అమ్మాయి పక్కన నిలబడి "జోర్ సే, అమ్మాజీ! ఔర్ జోర్ సే! ఔర్, ఔర్, ఔర్!" అని కేకలు. వెనకనుంచి మావగారు కూడా "ఊదవే! గట్టిగా ఊదవే!" అని అందుకున్నారు. బయట కూర్చున్న పేషెంట్లు లోపల ఏం జరుగుతోందోనని తలుపు దగ్గరికొచ్చారు. పాపం ఆవిడ ఊదలేక ఊదలేక ఊది, క్లిప్పు తీసి, "మీరిద్దరూ ఊదీసుకోండి, నానింటికెళ్ళిపోతాను" అన్నారు.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. రిపోర్టు చూసి, కళ్ళజోడు తీసి, చాలా సున్నితంగా హిందీలో అడిగాడు: "మాతాజీ, బీడీయా, సిగరెట్టా?"

అత్తగారికి ఏళ్ళ తరబడి హిందీ అలవాటే. కూరలవాళ్ళతో ఛత్తీస్‌గఢీలో బేరమాడతారు. కాని రోషం వస్తే తెలుగు తప్ప మరొకటి రాదు.

"ఏటి? ఏటంటన్నాడీ బాబు?" అని నా వైపు తిరిగారు. చెప్పాను. ఆవిడ మొహం కందగడ్డయింది. డాక్టరు అది సిగ్గనుకున్నాడు. ఇక్కడ దాచుకోనక్కర్లేదనీ, చాలామంది పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోరనీ, నిజం చెబితేనే మందు సరిగ్గా ఇవ్వగలననీ బుజ్జగించాడు.

"ఒలమ్మా! నాను సిగరెట్టు తాగీసినానట! ఆ ముక్క మీరైనా చెప్పండి!" అని అత్తగారు మావగారి భుజం కుదిపారు.

మావగారు సర్దుకుని కూర్చున్నారు. భార్య పరువు కాపాడే అవకాశం. "ఆమె ఎప్పుడూ ముట్టలేదు డాక్టర్ సాబ్. కాల్చేది నేను. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ కాలుస్తున్నాను. నన్ను చూడండి, ఒక్క దగ్గు లేదు!" అని ఛాతీ మీద చరుచుకున్నారు.

డాక్టరు ఆయన్ని చూశాడు. ఆవిడని చూశాడు. "ఎక్కడ కాలుస్తారు?"

"ఇంట్లోనే. నేను బయట తిరిగే రకం కాదు" అన్నారు మావగారు, ఇంకా గర్వంగానే.

"అయితే ఈవిడ తాగిన సిగరెట్లు మీవే" అన్నాడు డాక్టరు.

అతను మావగారి వైపు వంగి, వెలిగించిన కొసనుంచి లేచే పొగ, కాల్చేవాడు వదిలిన పొగ, రెండూ గదిలో ఉన్నవాళ్ళ లోపలికే పోతాయన్నాడు. వెనకటి రోజుల్లో రైల్వే క్వార్టర్‌లో బొగ్గు కుంపటి మీద వండడం కూడా కొంత చెరుపు చేసి ఉంటుందట. కాని ఇప్పుడు గ్యాసు మీదే వండుతున్నా పొగ ఆగలేదు కదా అన్నాడు. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ప్రమాదమని చెప్పి, మావగారి ఛాతీ కూడా చూడాలన్నాడు. ఆయన వినిపించుకోలేదు. కిటికీలోంచి పార్కింగ్ చూస్తున్నారు.

ఆటోలో ఇంటికొచ్చాం. అత్తగారు ఏడుస్తారేమో, అరుస్తారేమో అనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న మావగారు అలవాటు ప్రకారం సిగరెట్టు తీసి, మొహమాటపడి, వరండాలోకి వెళ్ళారు. అత్తగారు కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆయన పక్కనే వేసుకుని కూర్చున్నారు.

"ఇక్కడెందుకే? పొగ!"

"కానీండి. ఇన్నాళ్ళూ తెలీక తాగీసాను. ఇప్పుడు తెలిసి తాగుతాను. నా వంతు నాకు రావాల కదేటి?"

ఆయన డాబా ఎక్కారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ, వెనకే ఎక్కారు. ఆయన పెరట్లోకి దిగారు. ఆవిడా దిగారు. ఇద్దరూ ఇలా ఇల్లంతా తిరుగుతుంటే మా పాపకి ఆటలా ఉంది. "మామ్మ తాత కా పీఛా కర్ రహీ హై!" అని, మామ్మ తాతని తరుముతోందని కేకలేస్తూ వాళ్ళ వెనకాల అదీ పరిగెత్తింది.

సాయంత్రం ఆయన చెప్పులేసుకుని వీధి చివరి పాన్ ఠేలాకి, అంటే కిళ్ళీ బండి దగ్గరికి, బయల్దేరారు. అది మగవాళ్ళ సామ్రాజ్యం. రిటైరైన గార్డులూ డ్రైవర్లూ అక్కడ చేరి, రైల్వే ఎలా నాశనమైపోతోందో చెప్పుకుంటారు. అక్కడికి ఆవిడ రారని ఆయన ధీమా. అత్తగారు బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని, "నువ్వూ రామ్మా" అని నన్ను కూడా తీసుకెళ్ళారు.

మేం వెళ్ళేసరికి నలుగురైదుగురు పెద్దమనుషులు చేతుల్లో సిగరెట్లతో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి అందరి చేతులూ వెనక్కి పోయాయి. "నమస్తే భాభీజీ" అన్నారు, వీపుల వెనకనుంచి పొగ లేస్తుండగా. అత్తగారు నమస్కారం పెట్టి, ఠేలా కుర్రాణ్ణి అడిగారు: "మా ఆయన తాగేది ఏదయ్యా? పేరు చెప్పు. నాను కూడా అదే తాగుతున్నానట, పేరైనా తెలీకపోతే ఎలగ?" ఇది హిందీలోనే అడిగారు. అందరికీ అర్థమవ్వాలని.

మావగారి నేస్తం, ఒక రిటైర్డు డ్రైవరు, వెనక దాచిన సిగరెట్టు వేళ్ళదాకా కాలి, కెవ్వున అరిచి చెయ్యి దులుపుకున్నాడు. నిప్పురవ్వ వెళ్ళి పక్కాయన లుంగీ మీద పడింది. ఆయన ఎగిరాడు. లుంగీకి కన్నం పడింది గాని మనిషికేం కాలేదు. ఈ గొడవలో అత్తగారికి దగ్గు తెర వచ్చి ఠేలా బల్ల పట్టుకుని వంగిపోయారు. ఎంతసేపటికీ ఆగదు. అంతదాకా నవ్వుతున్నవాళ్ళందరూ నవ్వడం మానేశారు. ఎవరో నీళ్ళ సీసా అందించారు. మావగారు ఆవిడ వీపు రాస్తూ నిలబడ్డారు. వీధిలో భార్య మీద చెయ్యి వెయ్యడం ఆయన జీవితంలో అదే మొదలనుకుంటాను.

ఇంటికొచ్చాక ఆయన ఆఖరి అస్త్రం తీశారు. "మా అమ్మ చుట్ట అడ్డపొగ తాగీది. నిప్పు నోట్లో పెట్టుకుని! దానికేటయింది? నిండా బతికింది."

మా వైపు ఈ అలవాటు లేదు. చుట్టని వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారట.

అత్తగారు గిన్నె కింద పెట్టారు. "ఏటయిందో మీకేటి తెలుసు? మీరు లైన్ మీద డూటీలో ఉన్నారు. అంగుట్లో పుండు పడి, గంజి కూడా దిగక, చెంచాతో నీళ్ళు పోసినది నాను. నిండా బతికిందంటున్నారు. ఆఖరి ఏడాది ఆ మడిసి బతికిన బతుకు నాకెరిక."

మావగారు భోజనం దగ్గర కూర్చుని, పెరుగన్నం కలుపుకుని, కలుపుతూనే ఉన్నారు.

మానేస్తానని ఆయన ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం నాతో వచ్చి, నమలడానికి ఏదో గమ్ము రాయించుకున్నారు. ఆ మొదటి వారాలు మేము పడ్డ బాధ ఇంతా అంతా కాదు. కుక్కరు కూత వేస్తే కుక్కరుతో పోట్లాట. పేపరు ఆలస్యమైతే పేపరువాడితో. తోచక మొక్కలకి నీళ్ళు పోసి పోసి తులసి కుళ్ళబెట్టారు. ఇల్లంతా వేరుశెనగ తొక్కలు. ప్యాంట్లు పట్టడం మానేశాయి. ఒక మధ్యాహ్నం బాత్రూమ్‌లోంచి ఘుమఘుమలాడే అగరొత్తుల వాసన వచ్చింది. అత్తగారు తలుపు తట్టారు.

"ఏటండీ, బాత్రూంలో ఏ దేవుడికి పూజ?"

లోపల్నుంచి చాలాసేపటికి ఫ్లష్ చప్పుడు వినిపించింది.

ఆయన పగ తీర్చుకునే రోజూ వచ్చింది. తరవాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు, ఇంట్లో ఇంకే పొగైనా ఉందా అని అడిగాడు. మావగారు పాఠం అప్పజెప్పే కుర్రాడిలా లేచి నిలబడి, "ఉంది సార్! ఈవిడ పొద్దున్నా సాయంత్రం అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలిగిస్తుంది. శుక్రవారం సాంబ్రాణి కూడా!" అన్నారు. అవీ మానాలన్నాడు డాక్టరు. దేవుడి పొగకీ సిగరెట్టు పొగకీ తేడా లేదేటని అత్తగారు వాదించారు. ఊపిరితిత్తులకి ఆ తేడా తెలియదమ్మా అన్నాడతను. ఆరోజు నుంచి మావగారు పూజ వేళకి దేవుడి గది గుమ్మంలో కాపలా. ఆవిడ అగ్గిపెట్టె ముట్టుకుంటే చాలు, "నూనె దీపానికేనా?" అని అడిగేవారు. నిఘా విషయంలో మాత్రం ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు.

పూర్తిగా మానడానికి ఆయనకి ఏడాది పైనే పట్టింది. మధ్యలో జారారు, మళ్ళీ లేచారు. అత్తగారి దగ్గు తగ్గింది. పోయిందని చెప్పలేను. పాడైన మేరకు పాడైనట్టేనని, ఇంకా పాడవకుండా చూసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇన్‌హేలర్ ఆవిడ చేతిసంచీలో తాళాలతో పాటే ఉంటుంది. పెరుగు మళ్ళీ మొదలుపెట్టారు, ఆ పోయిన ఏళ్ళన్నిటికీ కలిపి.

సాయంత్రాలు ముగ్గురం అర్పా నది వంతెన మీదికి నడుస్తాం. మధ్యలో ఆవిడకి ఆయాసం వస్తుంది. ఆగుదామని ఆవిడ అడగరు, ఆ మాట అనడం ఆవిడకి ఇష్టం ఉండదు. అందుకని మావగారే ముందుగా ఆగి, రెయిలింగ్ మీద మోచేతులు ఆన్చి, నది వైపు తీరిగ్గా చూస్తూ నిలబడతారు. మొన్న ఎండాకాలంలోనూ అలాగే నిలబడ్డారు. అత్తగారు ఊపిరి కూడదీసుకుని, కిందికి ఒకసారి తొంగి చూసి అడిగారు.

"ఏటి చూస్తన్నారండీ అంతలాగ?"

"నది."

"నీళ్ళేవీ?"

"వస్తాయిలే. తొందరేటి?" అన్నారాయన, ఇసక మీంచి చూపు తిప్పకుండా.