నేను పెట్టిన జలగండం

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అది నా నోటి నుంచే వచ్చింది, కానీ ఒక పెద్దమనిషి అన్నాడని చెప్పాను. ఆయన అనలేదు. జరిగింది ఇంతే. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు ముందు చెబుతున్నాను.

మా చెల్లెలు సినిమాల్లో తల్లి వేషాలు వేసేది. తెర పేరు చెప్పను, ఇంట్లో చిట్టి. నేను పెళ్లి చేసుకోలేదు. అది చేసుకుంది, దాని భర్త తొందరగా పోయాడు, పిల్లలు లేరు. ఫిల్మ్‌నగర్‌లో ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. దాని డేట్లు మొదటి నుంచీ నేనే చూశాను. ఏ రోజు ఎవరి షూటింగు, ఎన్నింటికి మేకప్పు, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ నా తలలో ఉండేవి. చిట్టి ఫోను ముట్టుకునేది కాదు. నిర్మాతయినా, డాక్టరయినా, ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారయినా, "అక్కని అడగండి" అనేది. నేను చెప్పిన తారీఖును ఒక్కసారి కూడా క్యాలెండరులో సరిచూసుకోలేదు.

అరవై దాటాక దానికి పడవ పిచ్చి పట్టింది. ఎవరో ఒక పాట కోసం కొన్న మోటారు పడవ గోదాములో పడి ఉంటే అడిగి తెచ్చుకుంది. లారీ మీద ఈ రాళ్ల గుట్ట ఎక్కించి, మా గేటు లోపల కారు ఉండే చోట దింపించింది. కారు వీధిలోకి పోయింది. కాకినాడలో నీళ్లలోకి దించి, కాలువల వెంట దక్షిణానికి పోవాలని దాని ఆలోచన. వయసులో ఉండగా రామేశ్వరం దగ్గర షూటింగుకు వెళ్లింది. ఒక షాటు కోసం మొలలోతు నీళ్లలో నిలబెట్టారట. సముద్రం గోరువెచ్చగా ఉందట. ఇక్కడి చలికి మోకాళ్లు పట్టేసినప్పుడల్లా ఆ నీళ్ల గురించే మాట్లాడేది.

దారి వేసింది నేనే. ఇది దాచను. కాకినాడ నుంచి ధవళేశ్వరం, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ, అక్కడి నుంచి పులికాట్, మద్రాసు దాటాక మరక్కాణం, ఆపైన తీరం వెంట. ఏ లాకు తలుపులు తుప్పు పట్టి తెరుచుకోవో, ఎక్కడ పూడిక వల్ల పడవను లారీకి ఎత్తాలో, ఏ వంతెన కింద పైకప్పు మడవాలో ఊరూరికీ ఫోన్లు చేసి తెలుసుకున్నాను. కాలువలో గుర్రపుడెక్క పడవ పంకాకు చుట్టుకుంటే కోయడానికి కొడవలి కూడా నేనే గుర్తు చేశాను. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. దక్షిణాన వానలు తగ్గేదేమో మార్గశిరం చివరికి. ఆ సందులోనే వెళ్లాలి. పనిలో అంత సంతోషం నాకు ఎన్నడూ లేదు.

వెళ్లే దారి వేశాను, వచ్చే దారీ వేశాను. చిట్టి రెండో దాన్ని చూసి నవ్వింది. అక్కడే ఏదో ఒక ఒడ్డున ఉండిపోతానంది. "నువ్వూ వచ్చెయ్యక్కా. అక్కడ డేట్లేం ఉండవు, హాయిగా కూర్చుందువు గాని" అంది.

ప్రేమగానే అంది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలిసింది. తెలిసే నొచ్చుకున్నాను. డేట్లు లేని చోట నేనెవరిని? తెర మీద అది ఎంతమంది కొడుకులకు అన్నం కలిపిపెట్టిందో, ఆ ప్రతి ముద్ద వెనకా నా ఫోను ఉంది, నా గొంతు ఉంది, నేను పడ్డ మాటలు ఉన్నాయి. అదంతా వదిలేసి ఒక ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చోమంటుందా? ఆ వారంలోనే ఒక సీరియలు వాళ్లు తల్లి పాత్రకి అడిగారు. దానికి చెప్పకుండా సరేనన్నాను.

సిద్ధాంతిగారికి ఫోను చేశాను. ఆయన ఉత్సాహంగా, "దివ్యంగా ఉందమ్మా, బయల్దేరమనండి" అన్నారు. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చాను. పడవలో మా డ్రైవరు యాదగిరి కూర్చుని ఉన్నాడు. బోరబండ మనిషి, అప్పటికే ఇరవై ఏళ్లుగా చిట్టి కారు నడుపుతున్నాడు, పడవ కూడా తనే నడుపుతానని పంతం పట్టాడు. పక్కన చిట్టి నిలబడి పడవ కమ్మీలు తుడుస్తోంది.

"హారనేడుందమ్మా దీనికి?"

"కాలువలో ఎవరికి కొడతావురా హారను?"

"బర్రెలుంటయి కదమ్మా. అడ్డం పండుకుంటే ఏం జెయ్యాలె?"

"దిగి తోలు. నీకు ఈతే రాదు, బర్రెల మాట ఎందుకు?"

"మీకొస్తది కదా. మునిగితే మీరే గుంజుండ్రి. జర జుట్టు పట్టుకోకుండ్రి, ఉన్నయే నాలుగు."

చిట్టి పగలబడి నవ్వుతూనే నా వైపు తిరిగింది. "ఏమన్నారక్కా సిద్ధాంతిగారు?"

మా పనిలో నిర్మాతకు రానని చెప్పకూడదు. ఎవరూ ఎదురాడలేని కారణం ఒకటి చెప్పాలి. ముప్ఫయ్యేళ్లు చేసిన పని అది. నాలుక దానంతటదే తిరిగింది.

"వద్దన్నారే. నీకు జలగండం ఉందన్నారు."

"ఈ ఏడాదికా?"

"కాదు. ఉన్నన్నాళ్లూ."

ఆ రెండో మాట ఎందుకన్నాను? ఒక ఏడాది అన్నా సరిపోయేది కదా. మరుసటి ఏడు మళ్లీ అడుగుతుందని అప్పటికప్పుడే లెక్క వేసుకున్నాను. లెక్కల్లో నేను తప్పను.

చిట్టి చేతిలో గుడ్డ పడవ అంచు మీద పెట్టింది. "ఆయన అన్నారంటే ఇంకేముంది" అంది. యాదగిరి స్టీరింగు వదిలి దిగాడు. దిగేటప్పుడు ఆమెను చూడకుండా దిగాడు.

పడవను ఎవరో రిసార్టు వాళ్లు పట్టుకుపోయారు. చిట్టి సీరియలు చేసింది. బాగా చేసింది. కానీ నేను ఊహించనిది ఒకటి జరిగింది. కాలువలో పుట్టి పెరిగినట్టు ఈదిన మనిషి నీళ్లకు భయపడడం మొదలుపెట్టింది. వాన సీనులు ఒప్పుకోవద్దంది. అవుట్‌డోరుకు విశాఖ వెళితే బీచి వైపు కిటికీ మూయించింది. స్నానాల గదిలో బకెట్టు నిండా నింపనిచ్చేది కాదు. ఆ చలికాలమే తీరంలో తుపాను వచ్చి పడవలు పోతే, టీవీ ముందు నా రెండు చేతులూ పట్టుకుని, "నన్ను కాపాడావక్కా" అంది. ఏటా ఉగాదికి సిద్ధాంతిగారికి కొత్త బట్టలు పంపించేది. ఒకసారి ఆయనే ఫోను చేసి, ఎందుకమ్మా ఇంత మర్యాద అని అడిగారు. "మీ మీద గౌరవమండీ" అన్నాను. ఆయన పోయిన రోజు నేను ఏడ్చాను. అందరూ భక్తి అనుకున్నారు. సాక్షి పోయాడన్న ఊరట అది. ఎంత నీచమో చూడండి.

చిట్టి కిందటి కార్తీకంలో పోయింది. పోయే ముందు యాదగిరి చేయి పట్టుకుని, "నన్ను నీళ్లలో కలపొద్దురా" అని మాట తీసుకుంది. నేను మంచం అవతల నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను. మందు వేళయిందన్నాను.

అస్థికలు శ్మశానంలోని అల్మారాలో ఉన్నాయి. ఇచ్చిన మాట కోసం తాళం యాదగిరే తన దగ్గర పెట్టుకున్నాడు. సంవత్సరీకం లోపు నీళ్లలో కలపాలని పురోహితుడు అంటున్నాడు. నిన్న యాదగిరిని పిలిపించి, రామేశ్వరం తీసుకెళదామన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"అమ్మకు మాటిచ్చిన పెద్దమ్మా. జలగండమున్న మనిషిని నీళ్లల్ల ఎట్ల కలుపుత?"

వాడు అంత గట్టిగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు. వాడిని కదిలించే మాట ఒకటే ఉంది. అది చెబితే ముప్ఫయ్యేళ్లుగా మా గడపలో మసలిన ఆ మనిషి నా ముఖం మళ్లీ చూస్తాడా? చూడకపోవచ్చు. తాళం మాత్రం తీస్తాడు. తెరిచి, తనే మోసుకెళతాడు. నేను వేసిన దారిలోనే కాకపోయినా, ఆ గోరువెచ్చని నీళ్లకు.

చిట్టికి చెప్పవలసింది చిట్టికి చెప్పలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పినా అది ఆమెకు చెప్పినట్టు కాదు. క్షమించమని అడగడానికి కూడా మనిషి లేదు. పొద్దున్నే యాదగిరి పాల ప్యాకెట్లు ఇవ్వడానికి వస్తాడు. గేటు దగ్గరే, లోపలికి రానివ్వకుండానే చెప్పాలి. కూర్చోమంటే మళ్లీ వేరే మాటలోకి జారుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. నోరు తడబడకుండా ఒకసారి ఇక్కడ అని చూసుకుంటున్నాను.

యాదగిరీ, చిట్టికి జలగండం లేదు. ఎన్నడూ లేదు.