దుర్గ ఎంచిన రంగులు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే వెంకటదుర్గ వేళ్లు వేడి కుండ మీద అరిగి అరిగి నున్నబడిపోయాయి. ఎంత నొక్కినా ఫోను తెర పలకదు. అందుకే పొయ్యి ఆర్పాక, ఎమోజీని చూసి బొమ్మను ముస్తాబు చేసే ఆటలో రంగులు ఆమె చెబితే, పక్కింటి హారతి నొక్కేది. కళ్లకు బదులు ఎర్ర హృదయాలున్న ఎమోజీకి పసుప్పచ్చ చీర, ఎర్ర జాకెట్టు, చివర కాస్త పైకి తేలిన కాటుక దుర్గ ఎంచినవే.

తన నిశ్చితార్థానికి హారతి అచ్చం అలాగే తయారైంది. "ఈ రంగులు ఇంత చక్కగా ఎవరు చెప్పారమ్మా?" అంది కాబోయే అత్తగారు. "నేనే అనుకున్నానండి," అంది హారతి, ఎదురుగా ఉన్న దుర్గ వంక చూడకుండానే.

మర్నాడు పొయ్యి ఆర్పకముందే హారతి ఫోను పట్టుకొచ్చింది, ఏమీ జరగనట్టే. "పిన్నీ, ఈ బొమ్మకి ఏం రంగేద్దాం?"

దుర్గ పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద పరుస్తూ, తలెత్తకుండానే అంది: "నువ్వే అనుకోమ్మా."

హారతి వేలు తెర మీద ఎటు కదలాలో తెలియక అలాగే ఆగిపోయింది.