కూర్చునే నిద్రపోయిన చిన్నబాపు

మందమర్రి నుంచి వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి, "మీ చిన్నబాపు పోయిండు బిడ్డా" అన్నాడు. మా బాపుకు తమ్ముడు. పొద్దున చిన్నమ్మ చాయ్ తెచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చున్నట్టే ఉన్నాడట. ఆయన నిద్ర ఎప్పుడూ అంతే కాబట్టి కాసేపు లేపలేదట.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో ఆయన బొగ్గుబాయిలో, భూమి లోపలి గనిలో పనిచేసేవాడు. ఒకనాడు పైకప్పు నుంచి బొగ్గుపెళ్ల ఊడి మెడ మీద పడింది. గాయం మానింది. కానీ కాస్త నడిస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే గాలి ఆడదు. చొప్పదండిలో మా ఇంటికి వచ్చి ఉంటే, చుట్టుపక్కలవాళ్లు టీబీ అన్నారు. బాపమ్మ ఏడుస్తూనే కొడుకు కంచం వేరు చేసింది. మమ్మల్ని దగ్గరికి పోనియ్యలేదు. ఆయన అరుగు చివర కూర్చొని దూరం నుంచే మాకు కథలు చెప్పేవాడు. మధ్యలో ఆగి, "జర గాలి పీల్చుకోనియ్యుండ్రి. రాక్షసుడు యాడికి పోడు" అనేవాడు.

చివరికి బాపు ఆయనను హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. కఫం పరీక్షలో టీబీ లేదు. డాక్టరు పడుకోబెట్టి పొట్ట కదలిక చూశాడు. మెడకు ఆపరేషన్ అయిందా, జ్వరమొచ్చి కాళ్లూ చేతులూ పడిపోయాయా అని అడిగాడు. అవేవీ కాదు, మెడ మీద బొగ్గుపెళ్ల పడిందని బాపు చెప్పాడు. ఎక్స్‌రేలో గడ్డలేమీ కనబడలేదు గానీ, ఎడమ ఊపిరితిత్తి అడుగు ఉండాల్సిన చోటికన్నా పైకి ఉంది. అప్పుడు చీకటిగదిలో ఎక్స్‌రే తెర వెనుక నిలబెట్టి, పువ్వు వాసన చూసినట్టు ముక్కుతో గబుక్కున పీల్చమన్నాడు.

"కుడిదిక్కు కిందికి దిగిందట, ఎడమదిక్కు పైకి ఎగిరిందట. ఒక్క బండి ఎడ్లు చెరో దిక్కు గుంజినట్టు!" అని చిన్నబాపు తర్వాత ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పాడో.

ఊపిరితిత్తుల కింద కండరపు తెర ఒకటి ఉంటుందనీ, దాన్ని ఆడించే నరం మెడలో నుంచి దిగుతుందనీ, దెబ్బకు అది నలిగి ఎడమవైపు తెర చచ్చుబడిందనీ డాక్టరు చెప్పాడు. మందు లేదు. నరం కోలుకుంటే కోలుకోవచ్చు, లేకపోతే లేదు. ఇక బాయిలోకి దిగొద్దన్నాడు.

చిన్నబాపు అడిగింది ఒక్కటే. "పిల్లలకు అంటుకుంటదా సార్?"

"దెబ్బ ఎట్లా అంటుకుంటదయ్యా?"

ఆ మాటకు ఆయన అక్కడే ఏడ్చాడని బాపు చెప్పాడు.

ఇంటికి వస్తూనే వాకిట్లో నుంచి, ఆగి ఆగి, "అవ్వా... అంటురోగం... కాదే!" అని అరిచాడు. బాపమ్మ తను తింటున్న కంచంలోంచే ముద్ద కలిపి ఆయన నోట్లో పెట్టి, అదే చేత్తో తానూ తిన్నది. మేమందరం ఆయన మీద పడిపోయాం.

నరం కోలుకోలేదు. బాయి పైనే, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని దొరికింది. దిగే ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచి, "మెడ పైలం" అని జాగ్రత్త చెప్పేవాడట.

మొన్న ఎండాకాలం నా బిడ్డను తీసుకొని వాళ్లింటికి పోయాను. మడత కుర్చీలో ఉన్న ఆయన రొమ్ము మీద పిల్ల నిద్రపోయింది.

"బరువైతది, ఇటియ్యి చిన్నబాపూ."

"ఉండనియ్యి బిడ్డా. పండవెడితె లేస్తది. నాకెట్లైనా కూసునుడే గదా."

ఎండ జరిగి జరిగి ఆయన పాదాల మీదికి వచ్చింది. ఆయన కదలలేదు.