మంచం పక్కన పెరిస్కోపు

పిల్లలు విడిభాగాలు బిగించి టెలిస్కోపులూ మైక్రోస్కోపులూ పెరిస్కోపులూ తయారుచేసుకునే బొమ్మపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన ముప్పయ్యేళ్లు అద్దాలు అరగదీశాడు. ఫ్యాక్టరీ మూతపడింది. నడుం పడిపోయి ఆయన మంచం పట్టాడు. రోజంతా పైకప్పుకేసి చూస్తుంటే తట్టుకోలేక, భార్య ఇంట్లో ఉన్న పాత బొమ్మపెట్టె విప్పి, పడుకునే బయటికి చూసేలా పెరిస్కోపు బిగించి కిటికీకి కట్టింది. రెండు రోజులు వీధిలో జనాన్ని చూసి మురిసిపోయాడు. మూడోరోజు బిగుసుకుపోయాడు.

"ఏమైందండీ?"

"వీధి చివర మన ఫ్యాక్టరీ కూలగొడుతున్నారే."

ఆవిడ గొట్టం మీద చెయ్యి వేసింది. "తీసేస్తానుండండి."

"ఉంచు. ఎవరో ఒకరు చూడాలిగా."

వారం రోజులు కన్నార్పకుండా చూశాడు. ఏ గోడ పడితే ఆ గోడ పక్కన ఎవరు కూర్చునేవారో భార్యకు చెప్పాడు. చివరికి అక్కడ మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ ఎంత బతిమాలినా మళ్లీ ఆ గొట్టంలోకి చూడలేదు.