అత్తయ్య పట్టిన గడ

అత్తయ్య పోయిందన్న కబురు నాకు బెజవాడలో, స్కూల్లో ఉండగా తెలిసింది. ట్రంకాల్ చేసింది ఊళ్ళో అత్తయ్య ఎదురింటి కాంపౌండరుగారు. "పొద్దున్నే కాఫీ తాగారమ్మా. అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ చూస్తూ అలాగే స్తంభానికి ఒరిగిపోయారు. కునుకు తీస్తున్నారనుకున్నా" అన్నారాయన. ఫోను పెట్టేసి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర ఫ్యాక్టరీకి పోయే చెరుకుబళ్ళు అడ్డొచ్చి బస్సు ఆగినప్పుడల్లా ఏడ్చాను.

ఆ ఏడుపు పదకొండోరోజు సాయంత్రానికి కోపమైంది. ఊళ్ళో పెద్దలంతా కలిసి అత్తయ్యకి సంతాపసభ పెట్టారు. ఎక్కడనుకున్నారు? మిల్లాయన మేడ బాల్కనీ కింద! బల్ల మీద అత్తయ్య ఫోటో, దానికి నా చెయ్యంత లావు బంతిపూల దండ, పక్కన మైకు. రైసు మిల్లాయన మైకు పట్టుకుని, "పిన్నిగారు మన వీధికి పెద్ద దిక్కండీ. వీధి అందం ఆవిడ చలవే" అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు. అందరూ తలలూపారు. ఆ బాల్కనీ సంగతి తెలిసినవాళ్ళే, తెలిసి తెలిసి తలలూపారు. తెలియని మీబోటివాళ్ళకి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరి రథం వీధి కోవెల ముంగిట మొదలై, చివర నేతపేటలో మగ్గాల చప్పుడు వినపడే చోట ఆగుతుంది. రెండు వైపులా పాతకాలపు ఇళ్ళు, టేకు స్తంభాలు, పెంకుల చూర్లు, బారు అరుగులు. ఏటా ఫాల్గుణంలో స్వామివారి కల్యాణానికి నెల ముందు ఆ వీధిలో గడ తిప్పుతారు. గడంటే మరేం లేదు, రథం వెడల్పుకి రెండు పక్కలా బెత్తెడేసి కలిపి కోసిన పొడుగాటి వెదురు. రెండు కొనలకీ ఇత్తడి పొన్నులు. ఇద్దరు మనుషులు దాన్ని పంగలకర్రలతో చూరంత ఎత్తుకి లేపి, వీధికి అడ్డంగా పట్టుకుని కోవెల నుంచి నేతపేట దాకా నడుస్తారు. పొన్ను ఎవరి చూరుకో కొత్తగా దించిన పందిరికో తగిలి టక్కుమందంటే, వెనకాల వచ్చే జనం "పలికింది! పలికింది!" అని అరుస్తారు. గడ పలికిన ఇంటివాళ్ళు రథం కదిలేలోగా ఆ అడ్డు తీసెయ్యాలి. అంతే. రాతకోతల్లేవు, జుల్మానాల్లేవు. పంచాయతీవాళ్ళు సైతం ఆ వీధిలో ఇల్లు మార్చుకుంటామని ఎవరొచ్చినా, "ముందు గడ చూపించుకు రండి" అనేవారు.

ఆ గడ ఉండేది అత్తయ్య ఇంటి చూరు కింద. మామయ్య వాళ్ళ వంశానిదే ఆ బాధ్యత. మామయ్య పోయాక దాన్ని ఇంకెవరికైనా అప్పజెప్పాలని కోవెల కమిటీవాళ్ళు వచ్చారు. "ఆడకూతురివి, నువ్వు వీధిలో పడి తిరుగుతావా అమ్మా?" అని ఒక పెద్దమనిషి నసిగాడు. అత్తయ్య మజ్జిగ గ్లాసు అందిస్తూనే, "వీధిలో ఏముంది బాబూ, మీ ఇళ్ళేగా!" అంది. ఆ ఏటినుంచీ గడ వెనక అత్తయ్యే నడిచింది, చెప్పుల్లేకుండా, కొంగు నడుముకి దోపుకుని. ముందురోజు చింతపండుతో పొన్నులు తోమేది, వెదురుకి నూనె రాసేది. నడుస్తూ నడుస్తూ ఇళ్ళతో మాట్లాడేది, బస్సులో పక్కసీటామెతో మాట్లాడినట్టు. "కాస్త లోపలికి జరిగి కూర్చో తల్లీ, వెనక పెద్దాయన వస్తున్నాడు" అనేది. పెద్దాయనంటే దేవుడు.

ఆవిడకి ఆ నోరు ఊరికే రాలేదు. మామయ్య ఉన్న రోజుల్లో పెంకు మార్పిస్తే చూరు కాస్త ముందుకొచ్చింది. గడ మా చూరుకే టక్కుమంది. గడ ఉండే ఇల్లే కదా, ఎవరూ అరవలేదు. అత్తయ్య లోపల్నుంచి గరిటె పట్టుకునే వచ్చి, "పలికింది! ఏం, నోళ్ళు పడిపోయాయా?" అని తనే అరిచింది. ఆ పూటే వడ్రంగిని పిలిపించి వాసాలు కోయించింది. అది చూసి ఎదురింటి కాంపౌండరుగారూ తన చూరు కోయించారు. వాళ్ళు క్రైస్తవులు. "రథం మీదే అనుకోండి, వీధి అందరిదీ కదండీ" అన్నారట. అప్పట్నుంచీ ఆ రెండిళ్ళ మధ్య వీధి సరిగ్గా గడంతే ఉంటుంది. అక్కడ గడ ఎత్తితే ఒక పొన్ను మా చూరునీ, రెండోది వాళ్ళ చూరునీ రాసుకుంటూ పోతుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారే అమ్మాయ్. నా చూరు కోసుకున్నాక ఊరి చూర్ల మీద నాకు నోరొచ్చింది" అనేది నాతో.

ఎందుకే అత్తయ్యా నీకింత తాపత్రయం అని ఒకసారి అడిగాను. "కోవెల చుట్టూ ఉన్నవాళ్ళకి దేవుడు రోజూ కనపడతాడు. నేతపేటవాళ్ళు మగ్గం దిగి ఎప్పుడొస్తారే? రథానికి కట్టే బట్ట నేసేది వాళ్ళు. ఏడాదికోసారైనా ఆయన వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళద్దూ?" అంది. ఆవిడ పట్టుదలంతా ఇంతే. రథం వీధి చివరిదాకా వెళ్ళాలి.

మిల్లాయన వీధి నడిమధ్యలో పాత ఇల్లొకటి కొని, పడగొట్టి మేడ కట్టాడు. వీధిలోకి పొడుచుకొచ్చేలా సిమెంటు బాల్కనీ దించాడు. పంచాయతీకి కొత్తగా వచ్చిన ఆఫీసరు గడ మాటెత్తకుండానే ప్లానుకి ముద్ర వేశాడు. అత్తయ్య వెళ్ళి అడిగితే, "గడేంటమ్మా, సెంటీమీటర్లలో చెప్పండి" అన్నాడట. "ఆ సెంటీమీటర్లేవో రథానికి చెప్పు నాయనా. అది వింటే నేనూ వింటా" అని వచ్చేసింది. ఆ ఏడు గడ తిప్పితే బాల్కనీ దగ్గర వీధంతా వినపడేలా పలికింది. మిల్లాయన చేతులు జోడించి, "పిన్నిగారూ, తాటాకైతే కోసేద్దును. ఇది సిమెంటు కదండీ. కాస్త సర్దుకోండి, కోవెల గోపురానికి సున్నం నేను వేయిస్తా" అన్నాడు. "దేవుడు సున్నం అడిగాడట్రా నిన్ను? దారి అడుగుతున్నాడు" అంది అత్తయ్య. కమిటీ ప్రెసిడెంటుగారు మధ్యలో దూరి, "చూద్దామండీ, చూద్దాం" అన్నారు.

వాళ్ళు ఎలా చూశారో వినండి. అత్తయ్యకి కంట్లో శుక్లం ముదిరితే నేనే బెజవాడ తీసుకొచ్చి ఆపరేషను చేయించి, నా దగ్గరే ఉంచుకున్నాను. కల్యాణం దగ్గర పడగానే ఇక ఆగనంది. కంటికి పచ్చ అట్టతోనే బస్సెక్కించాను, తోడు నేనూ వెళ్ళాను. అరుగెక్కామో లేదో ప్రెసిడెంటుగారు వచ్చి, "మళ్ళీ గడ తిప్పాం పిన్నిగారూ. ఈసారి పలకలేదు. అంతా స్వామి దయ" అన్నారు.

"బాల్కనీ కోశారా?"

"లేదండీ."

"మరి వీధి పెరిగిందా?"

అత్తయ్య ఇద్దరు మనుషుల్ని పిలిచి, గడని మా ఇంటి ముందే ఎత్తించింది. ఆ కొనని కాంపౌండరుగారి చూరుకి ఆనించమంది. ఈ కొన మా చూరుకి అందలేదు. పీటేయించుకుని ఎక్కి, చూరుకీ పొన్నుకీ మధ్య చెయ్యి పెట్టి తడిమింది. మూరెడు ఖాళీ. కంటికి అట్ట ఉంది, కానీ చూరు తను కోయించుకున్నదేగా, ఆవిడకి చూడాల్సిన పనేముంది!

"బాల్కనీ కోయమంటే గడని కోశారా?" అంది. అరవలేదు. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. "చెప్పు కరిచిందని కాలు కోసుకునేవాళ్ళుంటారా? మా ఊళ్ళోనే ఉన్నారు."

నాకు ఒళ్ళు మండేది కోసినవాడి మీద కాదు. రంపం చప్పుడు విన్నవాళ్ళెందరు, పొన్ను ఊడదీసి మళ్ళీ బిగిస్తుంటే పక్కన నిలబడ్డవాళ్ళెందరు! చూరు కోసుకున్న తాతలకి పుట్టిన మనవలేగా వీళ్ళంతా? ఒక్కడు కిమ్మనలేదు. తిలా పాపం తలా పిడికెడు పంచుకుని హాయిగా ఉన్నారు. ఇంతకీ గడ కోస్తే రథం సన్నబడుతుందని ఎలా అనుకున్నారో ఆ బుద్ధిమంతులు! కల్యాణం నాడు మేళతాళాలతో రథం లాగారు. బాల్కనీ మీద మిల్లాయన కుటుంబం పూలపళ్ళేలతో సిద్ధంగా నిలబడింది. రథం వచ్చి సిమెంటుకి కొట్టుకుని, పక్క కొయ్య ఫెళ్ళున విరిగింది. సన్నాయి ఆగిపోయింది. వీధి చివర నేతపేటవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని ఎదురు చూస్తూనే ఉన్నారు. రథం వెనక్కి లాగారు. ప్రెసిడెంటుగారు మైకందుకుని, భక్తుల సౌకర్యార్థం రథం ఇకనుంచి ఇక్కడిదాకానే వస్తుందని చెప్పారు. మరుసటేటికి అదే ఆచారమైంది. బాల్కనీ మాట ఎత్తినవాడు ఆచారానికి ఎదురు తిరిగినవాడయ్యాడు. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగడమంటే ఇదే కదూ.

అత్తయ్య గడని మళ్ళీ చూరు కింద పెట్టింది గానీ నూనె రాయలేదు. "ఇది గడ కాదే, దుడ్డుకర్ర" అనేది. కమిటీ గడప తొక్కి అడిగినప్పుడల్లా "చూద్దామండీ" అన్న మాటే తెచ్చుకునేది. ప్రతి కల్యాణానికీ హారతిపళ్ళెం పట్టుకుని నేతపేటకి నడిచి వెళ్ళి, వాళ్ళ అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చేది. "దేవుణ్ణి తీసుకురాలేకపోయాను నాయనా. నేనైతే వచ్చాను" అనేదట వాళ్ళతో. మొన్నటి ఉప్పెనకి నేతపేటలో ఇళ్ళు కూలితే వాళ్ళ పిల్లాజెల్లా తలదాచుకున్నది అత్తయ్య అరుగు మీదే. ఆ గాలికి పెంకులెగిరాయి గానీ, గడకి కోసిన ఆ చూరు ఇంచీ కదల్లేదు.

సంతాపసభ అయ్యాక మిల్లాయన నా దగ్గరికి వచ్చాడు. అత్తయ్యకి పిల్లల్లేరు, ఇల్లు నాకు రాసింది. విస్తళ్ళు కూడా ఇంకా తియ్యలేదు, అప్పుడే ఆయన మెల్లగా, "టీచరుగారూ, మీరా బెజవాడలో ఉంటారు. పాత ఇల్లు, ఎటూ పడగొట్టాల్సిందే. ఇచ్చే ఉద్దేశముంటే నాకో మాట చెప్పండి" అన్నాడు.

"ఎందుకండీ, మా అత్తయ్య చూరు కూడా మీకు అడ్డొస్తోందా?" అన్నాను.

నవ్వాడు. "అబ్బే, అదేం మాటండీ" అన్నాడు. ఆ నవ్వు చూశాక నాకు రాత్రి మెతుకు దిగలేదు.

మర్నాడు పొద్దున నేతపేట పెద్దాయన నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ భుజాల మీద పచ్చి వెదురు ఉంది. అరుగు ముందు దించి, "రథం షెడ్డుకి కమిటీవాళ్ళు తాళమేశారమ్మా. కొలత తీసుకోనివ్వట్లా. అమ్మగారి చూరు దగ్గర కొలత ఉందిగా, తీసుకుంటాం" అన్నాడు. మిల్లాయనకి ఈ ఇల్లు ఎందుకు కావాల్సొచ్చిందో అప్పుడు నాకు తెలిసొచ్చింది.

కాంపౌండరుగారు తన చూరు కింద ఆ కొన పట్టుకున్నారు. ఈ కొన మా చూరుకి ఆనించి, ఎక్కువైనంత కోసేశారు. పాత గడ పొన్నులు నేనే ఊడదీశాను, చింతపండుతో తోమాను, కొత్తదానికి బిగించాను. రెండు చూర్లనీ రాసుకుంటూ పోయింది గడ. కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు అరుగు కింద వదిలేసి దాని వెనక నడిచాను. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గుమ్మాల్లోకి వచ్చి చూశారే గానీ, ఒక్కరూ మెట్టు దిగలేదు.

బాల్కనీ దగ్గర టక్కుమంది.

మిల్లాయన కాఫీగ్లాసుతో బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాడు. అత్తయ్య ఉంటే ఏమనేదో అందరికీ తెలుసు. ఎవరంటారా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

"పలికింది!" అన్నాను. "ఏం, నోళ్ళు పడిపోయాయా?"

గుమ్మాల్లోవాళ్ళు గుమ్మాల్లోనే ఉండిపోయారు. గడ పట్టుకున్నవాళ్ళు మాత్రం దాన్ని దించలేదు. పొన్ను ఆ సిమెంటుకి ఆనించి, పంగలకర్రలు నేలలో గట్టిగా ఊనుకుని, ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అలాగే నిలబడ్డారు.