అద్దం మీద తువ్వాలు

పుంగనూరు పార్లరామె నా ప్రశ్నకు ఇంతవరకూ జవాబివ్వలేదు. ఫోనులో మెసేజీ పెడితే చూసి ఊరుకుంది. అందుకే ఇక్కడ, ఆమె పార్లర్ రివ్యూల్లో రాస్తున్నాను.

మా అమ్మాయి నిశ్చితార్థంలో వియ్యపురాలు నన్ను చూసి, "పెళ్లికూతురి తాతా?" అని అడిగింది. ఆ మాట నేను మరిచేది లేదు. కుప్పం చర్చిలో పెళ్లికి ముందురోజు, మదనపల్లె సెలూన్‌లో జుట్టుకు రంగు వేయించుకున్నాను. నడినెత్తి ఇటుక రంగుకు తిరిగింది, చెవుల పక్కన రంగే అంటలేదు. "సర్దుకుంటాదిలే సార్" అని పంపేశారు. మంకీ టోపీ తగిలించుకుని కుప్పం బస్సెక్కినవాణ్ని, పుంగనూరులో పార్లర్ బోర్డు చూసి దిగిపోయాను.

"ఇది ఆడోళ్ల పార్లరప్పా," అందామె. టోపీ తీశాను. నవ్వాపుకుని, "రా, కూర్చో" అంది.

ముందుగా అద్దం మీద తువ్వాలు కప్పింది.

"యాల కప్పతాండావమ్మా?"

"మీరు మొగం మాడ్చుకునేది సూస్తే నా చెయ్యాడదప్పా."

ఎవరొచ్చినా అంతేనట. తన మేకల కబుర్లు చెబుతూనే రంగు పూసి, కడిగి, తువ్వాలు తీసింది. జుట్టు నల్లబడింది. చెవుల పక్కన తెలుపు మాత్రం అట్లే ఉంది. అడిగేలోగా బయట కుప్పం బస్సు హారన్ కొడితే పరుగెత్తాను.

మర్నాడు చర్చి మెట్ల మీద వియ్యపురాలు, "ఈపొద్దు పెళ్లికూతురి నాయన మాదిరే ఉండావన్నా. చెవులకాడ ఆ తెలుపే నీకు అందం" అంది.

అమ్మా, మేకల ధ్యాసలో మరిచినావా, కావాలనే వదిలినావా? మరిచివుంటే నా ఫిర్యాదు ఫిర్యాదే. వదిలివుంటే నీకో దండం బాకీ. ఏదో ఒకటి చెప్పు.